రేకు మీద నాన్న చెయ్యి

నాన్నా నేనూ రాజమండ్రిలో గోదావరి మీద తిరిగే ఆవిరి పడవలు కట్టే కార్ఖానాలో పనిచేసేవాళ్ళం. బాయిలరుకు బిగించే ప్రతి రేకునూ ముందు నాన్న చేత్తో తడిమి చూడాలి. ఆయన బాగుందంటేనే బిగించేవారు. ఆయన చూపు మందగించి అప్పటికి రెండేళ్ళు. అడిగితే, కళ్ళతో పనేముంది, వేళ్ళున్నాయిగా అనేవాడు.

పక్కన పడేసిన ఉక్కు రేకొకటి కార్ఖానా దొరనడిగి ఇంటికి తెచ్చుకున్నాను. తలుపు రెక్కంత ఉంటుంది. దాంతో నేను చెయ్యబోయింది పిట్టా కాదు, పువ్వూ కాదు. అతుకూ మేకూ లేకుండా, ఒట్టి మడతలతో నిలబడే ఒక ఆకారం. ముందు తాటాకుతో మడిచి చూసుకున్నాను. ఇదేంటండీ అంది మా ఆవిడ. ఏమీ కాదన్నాను. ఏమీ కానిదానికి ఇంత చెమటెందుకని నవ్వి, మజ్జిగ చెంబు పక్కన పెట్టి వెళ్ళింది.

తాటాకు ఈనె వెంబడి మడిస్తే ఒదుగుతుంది, అడ్డంగా మడిస్తే చిట్లుతుంది. రేకులోనూ ఈనెలాంటి చార ఉంటుంది. నా బుద్ధి గడ్డితిని, కాల్చకుండా, ఆకుని మడిచినట్టే చార వెంబడి మడిచాను. ఉక్కు తీరు దానికి తలకిందులు, చారకి అడ్డంగా మడిస్తేనే ఒదుగుతుంది. చివరి మడత జానెడు పొడవున సన్నగా పగిలింది.

సాయంత్రం నాన్న చూస్తానన్నాడు. నా పనిలో తప్పుంటే ఆయన వేలు అక్కడే ఆగేది. తిట్టేవాడు కాదు, నా మొహంలోకి చూసేవాడు, అంతే. ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక కూడా ఆ చూపంటే నాకు వణుకే.

నాన్న అరుగు మీద కూర్చుని దాన్ని తడమడం మొదలుపెట్టాడు. వేలు పగులు దాకా వచ్చింది, దాని మీదుగా సాగిపోయింది. వెనక్కొచ్చి మళ్ళీ దాటింది.

"బాగుందిరా," అన్నాడు. "ఎక్కడా పగల్లేదు."

ఆ మెప్పు కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో. తీరా అది దొరికింది పగిలిన రేకుకి. కొలిమి దగ్గర కాలీ కాలీ ఆ వేళ్ళు ఎప్పుడు మొద్దుబారాయో ఆయనకే తెలిసినట్టు లేదు. మర్నాడు కొత్త పడవ బాయిలరు రేకులు చూడాల్సింది ఆయనే. పగులున్న రేకు బిగిస్తే బాయిలరు పేలుతుంది. ఆ పడవ ఎక్కేది మనుషులు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేలిని సరిగ్గా పగులు మీద పెట్టి నొక్కాను.

"ఇక్కడ, నాన్నా."

"ఎక్కడరా?" అన్నాడు.