ముల్లంగికి వేసిన పలక

షిగెనో గారు ఏళ్ల తరబడి చీపుర్ల గదిలోనే అన్నం తిన్నారు. మా ఊరి రైల్వేస్టేషన్లో సిబ్బందికి హీటరున్న గది ఉంది. కానీ ఆవిడ ఊడ్చే కాంట్రాక్టు మనిషి. కంపెనీ మనుషుల గదిలో కూర్చోకూడదు. మొన్న వసంతంలో ఖర్చు తగ్గించాలని కంపెనీ టికెట్ల కిటికీ మూసేసి, తన మనుషులందరినీ వెనక్కి తీసుకుపోయింది. గది ఖాళీ అయింది, తాళం మాత్రం ఊడలేదు. ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఉమెబోషి ఊరగాయ పెట్టిన అన్నం ముద్ద తింటూనే ఉన్నారు.

"ఆ గది ఇమ్మని అడగొచ్చుగా పిన్నీ?" అంది చినత్సు ఓసారి.

"అడిగితే ఈ గది కూడా ఉందని వాళ్లకి గుర్తొస్తుంది తల్లీ."

చినత్సు పక్క ఊరి అచ్చాఫీసులో పనిచేస్తుంది. వీల్‌చెయిర్‌లో తిరుగుతుంది. ప్లాట్‌ఫారం మీంచి రైల్లోకి మడత పలక వేస్తేనే ఎక్కగలదు. పలక వేసే మనుషులు పోయాక కంపెనీ ఒక నోటీసు అంటించింది: ఒకరోజు ముందు ఫోన్ చేస్తే పెద్ద స్టేషన్ నుంచి మనిషిని పంపుతాం, వీలునుబట్టి. ఆ వీలు కుదిరిన రోజులు తక్కువ. అందుకని షిగెనో గారే పొద్దున్నే చీపురు గోడకి ఆన్చి, పలక వేసేవారు.

అది చూసి కరిగిపోయిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన కంపెనీకి ఫోన్ చేసి ఆవిణ్ణి తెగ మెచ్చుకున్నారు. మన దగ్గర మెచ్చుకోలు భూకంపం కన్నా ప్రమాదం. మర్నాడే కంపెనీ అధికారి కురహాషి గారు మిఠాయి పెట్టెతో దిగారు.

"మీ దయకి తలవంచుతున్నాం," అని నిజంగానే నడుం దాకా వంగారు. "ఇకమీదట దయచేసి దయ చూపకండి. శిక్షణ లేని దయ ప్రమాదం కదండీ."

"మరి ఆ అమ్మాయి సంగతి?"

"పరిశీలిస్తున్నాం."

ఆ మాటకి అర్థం ఈ గడ్డమీద పుట్టిన ఎవర్నడిగినా చెబుతారు. పలకకి గొలుసూ తాళమూ పడ్డాయి. చినత్సు పనికి ఆలస్యంగా వెళ్లడం మొదలైంది. ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు యజమాని.

ఈలోగా కంపెనీ దేన్నో నిజంగానే పరిశీలించింది. మనుషుల్లేని స్టేషన్ బోసిగా ఉందని గౌరవ స్టేషన్ మాస్టర్‌ని నియమించింది. మా ఊరి పంటకి గుర్తుగా, లోపల మనిషి దూరి తిరిగే ఒక ముల్లంగి బొమ్మ. నెత్తిన టోపీ, చేతికి తెల్ల గ్లవ్స్. ఆ బొమ్మ వేషం తొడుక్కోవడానికి, సేదతీరడానికి సిబ్బంది గది తాళం తీశారు. హీటర్ వేశారు.

ప్రారంభం రోజు మేయరూ, బ్యాండూ, కెమెరాలూ వచ్చాయి. ముల్లంగి గారు రైలెక్కి చెయ్యి ఊపాలి. వేషం లోపలి మనిషికి తన కాళ్లు కనబడవు. బొమ్మ నోరు విప్పకూడదన్నది ఆచారం. రైలు గుమ్మం ముందు ముల్లంగి దిక్కుతోచక ఊగింది.

"పలక! పలక తీసుకురండి!" అని అరిచారు కురహాషి గారు. తాళం క్షణంలో ఊడింది. పలక పడింది. ముల్లంగి ఎక్కింది. పలక మడవబోతుంటే షిగెనో గారు తడిగుడ్డతో వచ్చి దానిమీద చతికిలబడ్డారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నారు కురహాషి గారు.

"తుడుస్తున్నానండీ. పలక వెయ్యొద్దన్నారు గానీ, తుడవొద్దనలేదుగా." ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూస్తున్న చినత్సు వైపు తిరిగి ఓ కేక పెట్టారు. "అమ్మాయ్, ఇంకా ఆరలేదు, జారుతుంది, మెల్లగా రా!"

ఆవిడ పక్కకి జరిగారు. చినత్సు ఎక్కింది. కెమెరాలు చూస్తున్నాయి గనక కురహాషి గారు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున పలకకి మళ్లీ తాళం. ముల్లంగి మాత్రం వెచ్చని గదిలో ఉంది.

ఇది చదివినవాళ్లకి ఒక్క మనవి. మీ ఊరి స్టేషన్ కిటికీ మీద కూడా అలాంటి నోటీసు ఉంటుంది. ఆ నంబరుకి ఫోన్ చేయండి. ముల్లంగికి వేసిన పలక మనిషికెందుకు వేయరని అడగండి. "పరిశీలిస్తున్నాం" అంటే మర్నాడు మళ్లీ చేయండి. షిగెనో గారి పేరు నేను మార్చే రాశాను. ఆవిడెవరో పోల్చుకున్నా, దయచేసి మెచ్చుకోకండి.