మా అత్తకు తగిలిన ముని శాపం

మా మేనత్త గంధర్వ రాజు కూతురని మాకు తెలిసేసరికే ఆవిడకు పెళ్ళయిపోయింది. కోటబొమ్మాళి దగ్గరి పల్లెలో ఊడ్పులకు వెళుతోంది. సంగతి బయటపెట్టింది సోదె చెప్పడానికి వచ్చిన ఒక ముసలావిడ. బడి సెలవులకు నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ అత్త అరచేతిలో కర్ర ఆనించి, చాలాసేపు కళ్ళు మూసుకుని, "నువ్వీ భూమ్మీద మనిషివి కాదమ్మా. గంధర్వ రాజు ఇంట పుట్టినావు. తపస్సులో ఉన్న మునిని సూసి నవ్వినావు. ఆయన శపించినాడు" అంది.

ఇంకొకరి గురించయితే కొట్టిపారేసేవాళ్ళేమో. కాని మా అత్త నవ్వు సంగతి ఊరందరికీ తెలుసు. నవ్వకూడని చోటే ఆవిడకు నవ్వొస్తుంది. తన పెళ్ళిలో పురోహితుడు మంత్రం మధ్య తుమ్మితే నవ్వింది. అత్తగారు తిడుతుంటే నవ్వింది. మునిని చూసి కూడా నవ్వే ఉంటుందని అందరూ ఒప్పేసుకున్నారు.

ఆ రోజు నుంచి మావ ఆవిడను 'ఒసే' అనడం మానేశాడు. పైలోకంలో ఎవరికి కోపం వస్తుందోనని అత్తగారు తిట్లు తగ్గించింది. పని మాత్రం ఎవరూ తగ్గించలేదు. శాపమన్నాక అనుభవించాలి కదా. మోకాలి లోతు బురదలో నడుం వంచి నాట్లు వేస్తూ అత్త కూడా "ఏటి సేస్తాం, శాపం" అనేది. పక్కనే అదే బురదలో, అదే ఎండలో మిగతా ఆడవాళ్ళూ నాట్లు వేసేవాళ్ళు. వాళ్ళను ఏ ముని శపించాడో ఎవరూ అడగలేదు.

ఒకసారి మావ నరసన్నపేటలో హరికథ విని వచ్చాడు. అందులో ఒక అప్సరస శాపం తగిలి మొసలి అయిపోయి చెరువులో పడి ఉంటుందట.

"నిన్ను మనిషిగానే ఉంచినాడు, నయమే" అన్నాడు మావ.

"ఆ మొసలికి మొగుడున్నాడేటి?"

"లేడు."

"అయితే సిన్న శాపమే" అంది అత్త.

నేను రాజాంలో కాలేజీలో చేరాక, అక్కడి కల్యాణ మండపంలో ఒక స్వామి దిగాడు. ఎలాంటి శాపమైనా హోమం చేసి తీర్చేస్తాడని చెప్పుకున్నారు. ఆ మాట మావ చెవిన పడింది. "పాపం, ఎన్నాళ్ళని పడతాది" అని అత్తకు కొత్త చీర కట్టించి, కొబ్బరికాయ, పళ్ళు పట్టుకుని తీసుకొచ్చాడు. తోడుగా నేనూ వెళ్ళాను.

స్వామి అంతా విని, "హోమంతో శాపం తీరిపోతుంది. ఈమె స్వస్థానం చేరుకుంటుంది" అన్నాడు.

మావకు పెద్దవాళ్ళు ఏం చెప్పినా తలూపడం అలవాటు. ఊపాక ఆగి, "స్వస్థానమంటే మా ఇల్లే కదండీ" అన్నాడు.

"కాదు. గంధర్వ లోకం."

"అంటే... ఎల్లిపోతాదా?"

"శాపం తీరాక ఇక్కడేం పని?"

మావ పళ్ళెంలో పెట్టిన కొబ్బరికాయ తీసి మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. "కోతలున్నాయి సామీ. అయ్యాక సూద్దాం" అంటూ లేచాడు.

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు కదులుతూనే ఉన్నాయి. స్వామి ముఖం ఎర్రబడింది. "తెలీక నవ్వినాది, ఏటీ అనీకండి" అని మావ రెండు చేతులూ జోడించి, ఆవిడను మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. మావ గ్లాసు వంకే చూస్తూ, "నీకు ఎల్లాలనుందేటి?" అని అడిగాడు.

"అక్కడ నాకెవులున్నారు? అమ్మా నాన్నా గంధర్వులంట. ఇన్నేళ్ళలో ఒక్కపాలైనా సూడ్డానికి వచ్చినారా?" అంది అత్త.

మావ ఆవిడకు ఇంకో టీ చెప్పాడు.

మర్నాడు కాలేజీకి సెలవు కావడంతో నేనూ వాళ్ళతో ఊరికి వెళ్ళాను. అత్తగారు అరుగు మీద కూర్చుని మాకోసమే చూస్తోంది.

"తీరినాదా శాపం?"

మావ అత్త వైపు చూశాడు.

"కొంత మిగిలిపోనాదన్నారు" అంది అత్త, చెప్పులు విప్పుతూ.

అత్తగారు తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

"పోన్లే. రేపు కళ్ళం అలకాల."