పటిక అక్కర్లేదన్నాను

బేరమాడి నేను చెడగొట్టుకున్నవి చాలా ఉన్నాయి గానీ, నీళ్లతో బేరానికి దిగి పరువు పోగొట్టుకున్నది మాత్రం ఒక్కసారే. ఆ ఘనకార్యం మా సత్యవతి పిన్ని కొబ్బరిపీచు షెడ్డులో, పదిమంది కళ్లముందు జరిగింది. చదివి నవ్వుకోండి. జాలి మాత్రం పడకండి. అప్పటి నేను జాలికి తగిన మనిషిని కాను.

మాది రాజమండ్రిలో కిరాణా కొట్టు. నడక నేర్చింది పప్పు బస్తాల మధ్య. ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి, ఎవరు ఏం చెప్పినా ఇందులో అమ్మకం ఎక్కడుందా అని వెతికే జబ్బు ముదిరిపోయింది. డాక్టరు మూడు మాత్రలు రాస్తే రెండుకి ఒప్పుకోమనే రకం.

పిన్నిది కోనసీమలో డోర్ మ్యాట్ల షెడ్డు. పీచు నానబెట్టిన నీళ్లూ, పీచుకు ఎర్రరంగు వేశాక మిగిలిన నీళ్లూ వెనకాల ఒకే గుంటలో చేరేవి. ఓ వానకి అది పొంగి, పంటకాలువ ఎర్రగా పారింది. రైతులు ఫిర్యాదు పెట్టారు. "సోమవారం మళ్లీ వస్తానండి. గుంటలో ఎరుపు కనిపించిందా, షెడ్డుకి తాళమే" అనేసి వెళ్లాడు తనిఖీకి వచ్చిన అధికారి. ఎనిమిది మంది ఆడవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఆ షెడ్డు మీదే.

ఆ వీధిలోనే శారదాంబగారని, రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఉండేవారు. పిన్ని పిలిస్తే వచ్చి గుంట చూశారు. చుట్టపుచూపుగా వెళ్లిన నేనూ పక్కనే నిలబడ్డాను.

"ముందు పటిక కలపండి సత్యవతిగారూ. పీచులోంచి దిగిన ఈ కషాయం చాలావరకు అడుక్కి పోతుంది. పైన తేరిన నీళ్లు తొట్టిలోకి తోడి, అప్పుడు బ్లీచింగ్ పౌడరు వేయండి. ఎరుపు పోతుంది. పౌడరు వాసన పోయేదాకా ఎండలో ఉంచి, ఆ తర్వాతే కాలువకి వదలాలి. అన్నట్టు, ముందు ఈ గుంట నీళ్లే ఓ బకెట్టుడు తీసి పరీక్ష చేసుకోండి."

నాలో దుకాణం తెరుచుకుంది. పటికా! కదలని సరుకును కదిలే సరుక్కి అంటగట్టడం నాకు తెలియదనుకున్నారా? పంచదార కోసం వచ్చినవాళ్లకి పాత సబ్బులు అంటగట్టిన వంశం మాది.

"రంగు పోగొట్టేది పౌడరే కదండీ, మధ్యలో పటికెందుకండీ?" అన్నాను.

"పౌడరు రంగు దాకా వెళ్లాలి కదమ్మా."

"కాస్త ఎక్కువేస్తే అదే వెళ్తుంది లెండి."

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను తాపీగా చూశారు. "నేను పటిక అమ్మనమ్మా" అన్నారు.

బుద్ధి ఉన్నది అక్కడ ఆగుతుంది. నేను ఆగలేదు. తాగే క్యాన్ నీళ్లు గాజుగ్లాసులో పట్టి, చుక్క ఎర్రరంగు వేసి, చిటికెడు పౌడరు కలిపాను. కాసేపట్లో ఎరుపు మాయం! గ్లాసు ఎత్తి పట్టుకుని షెడ్డంతా ఊరేగాను.

"గుంట నీళ్లతో చూడమన్నారు కదే ఆవిడ?" అంది పిన్ని.

"నీళ్లు నీళ్లే పిన్నీ! క్యాన్లో ఉంటే ఒకటీ, గుంటలో ఉంటే ఇంకోటీనా?"

నా నోరు మూయించాలంటే మా ఇంట్లో ఇప్పటికీ ఈ మాటే వాడతారు.

ఆదివారం పొద్దున్నే, గ్లాసు కొలత ప్రకారం గుంటలో బస్తా పౌడరు కలిపించాను. సాయంత్రానికి చూస్తే పౌడరు వాసన కూడా లేదు. పెళ్లివారు రాకముందే గాడిపొయ్యి దగ్గర గారెలు ఖాళీ అయినట్టు, అంత పౌడరూ ఏమైపోయిందో! పైగా కషాయం కాస్త పలచబడిందేమో, అడుగునున్న ఎరుపు కడిగిన పగడంలా మెరుస్తోంది. నా వైద్యంతో రోగం అందంగా తయారైంది.

"రాత్రికి పోతుందిలే" అన్నాను. పోలేదు.

సోమవారం అధికారి వచ్చాడు, వెనకే శారదాంబగారూ వచ్చారు. నేను ముదురునీలం ఉప్పాడ నూలు చీరలో సిద్ధంగా ఉన్నాను. రెండు గంటలు బేరమాడి, నేతన్న చేత దణ్ణం పెట్టించుకుని కొన్న చీర. ఎవరైనా ఫోటో తీయకపోతారా అని ఆశ.

"ఏంటమ్మా ఇది? పోయిన వారం కంటే ఎర్రగా ఉందే!" అన్నాడు అధికారి.

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఒక్క నిమిషం సార్! ఇప్పుడే పోతుంది" అంటూ బకెట్లో పౌడరు చిక్కగా కలిపి, విసురుగా గుంటలో కుమ్మరించాను. సగం నామీదే చిందింది.

గుంట చలించలేదు. అందరం వంగి చూస్తున్నాం.

"ఏ నీళ్లలో పరీక్ష చేశావమ్మా?" శారదాంబగారు మెల్లగా అడిగారు.

"క్యాన్ నీళ్లండి."

"క్యాన్ నీళ్లలో రంగు ఒక్కటే ఉంది. ఇక్కడ గుంట నిండా పీచు కషాయం. పౌడరుకి ఏది రంగో, ఏది కషాయమో తెలియదమ్మా. ఎదురుపడినదాని మీదల్లా ఖర్చయిపోతుంది. అందుకే ముందు కషాయాన్ని తప్పించమన్నాను."

"అయితే ఈ పౌడరు నాసిరకమేమోనండీ..." నా ఆఖరి బేరం.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "పౌడరు బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. మీ చీర చూసుకోండి."

చూసుకున్నాను. నడుం నుంచి అంచు దాకా నీలం కాస్తా తెల్లటి మచ్చలైపోయింది. వరసలో కషాయం కంటే ముందు నా చీర నిలబడింది మరి!

పిన్నే ముందు నవ్వింది. తర్వాత ఎనిమిది మందీ. చివరికి అధికారి కూడా నవ్వి, శారదాంబగారి మాట మీద వారం గడువిచ్చాడు. పటిక కొనడానికి నన్నే తరిమారు. కొట్టువాడు చెప్పిన ధర మారుమాట లేకుండా ఇచ్చేశాను. అతను అనుమానంగా నా నోట్లు వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు. వారంలో ఎరుపు పోయింది, షెడ్డు నిలిచింది.

కనుక నా మచ్చల చీర మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై మనుషులతోనే బేరమాడతాను, నీళ్లతో ఆడను. నీళ్లు ఒక్క పైసా తగ్గవు. పైగా చీర లాక్కుంటాయి.