పాస్టరు వీస్నర్ కాచిన చారు

లేబెరెక్ట్ వీస్నర్ మాంసం ముట్టనన్న రోజున, ఆయనకు కడుపులో బాగోలేదేమోననుకుంది భార్య ఒటీలియా. చేమంతి పూల కషాయం కాచి ఇచ్చింది. ఆయన అది తాగి, కంచంలోని పంది మాంసం ముక్కను మెల్లగా పక్కకు జరిపి, "రొట్టె చాలు నాకు" అన్నాడు.

అది 1847 వసంతం. రెండేళ్లుగా బంగాళాదుంపలు నేలలోనే కుళ్లిపోతున్నాయి. హార్జ్ కొండల కింద ఉన్న ఆ వైడెన్‌రోడ ఊళ్లో సగం మంది నేతగాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. ఆ ఉదయం పాస్టరు ఒకే ఇంటి పసిపిల్లలిద్దరిని ఒకే గుంటలో పెట్టి వచ్చాడు. దారిలో మిల్లు యజమాని దొడ్డి దగ్గర ఆగాడు. పనిమనిషి తొట్టిలో బార్లీ జావ పోస్తుంటే పందులు ఒకదాన్నొకటి తోసుకుంటూ తింటున్నాయి. ఆ సంగతి ఆయన భార్యకు చెప్పలేదు. తర్వాతి ఆదివారం ప్రసంగంలో ఊరందరికీ చెప్పాడు. ఒక పందిని బలిపించే గింజలతో ఒక కుటుంబం చలికాలం గట్టెక్కుతుందని చెబుతుంటే, ముందు వరుసలో కూర్చున్న మిల్లు యజమాని లేచి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒటీలియాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఊరు కొన్నాళ్లు నవ్వుకుంది. కసాయి దుకాణం కాస్పర్ డోరె అయితే, పాస్టరు గారు వచ్చే ఈస్టరుకు తన పందులకు బాప్తిస్మం ఇస్తారట, పేర్లు మీరే పెట్టండమ్మా అని కొనవచ్చిన ఆడవాళ్లను అడిగేవాడు. కానీ చర్చి పై అధికారుల దగ్గరికి ఫిర్యాదు వెళ్లాక నవ్వులు ఆగిపోయాయి. వీస్నర్ అప్పటికే చర్చి పాత దస్తరాలు ముందేసుకుని ఊరి చరిత్ర రాస్తున్నాడు. ఏ కరువులో ఎవరు చచ్చారో, ఎవరి ధాన్యపు కొట్లు నిండి ఉన్నాయో రెండు వందల ఏళ్ల లెక్క ఆయన చేతిలో ఉంది. అధికారులకు అది మాంసం గొడవ కన్నా పెద్ద కంటగింపు అయింది. చర్చి చెప్పిన విశ్వాస ప్రమాణం తప్ప ఇంకేమీ బోధించనని సంతకం పెట్టమన్నారు. ఆయన పెట్టలేదు. పాస్టరు పదవి పోయింది.

పాస్టరు బంగళా ఖాళీ చేసి రంగులద్దే వాళ్ల ఇంటి మేడ మీది రెండు గదుల్లోకి మారారు. నలభై కుటుంబాల దాకా ఆయన వెంట నడిచాయి. ఎక్కువమంది నేతగాళ్లు, కొందరు చుట్టలు చుట్టేవాళ్లు. ఒక ధాన్యపు కొట్టంలో బల్లలు వేసుకుని తమ సంఘాన్ని తామే పెట్టుకున్నారు. ఒటీలియా పందికొవ్వు లేకుండా క్యాబేజీ వండడం నేర్చుకుంది. కాయధాన్యాలు, ఎండు పియర్ పళ్లు, గోధుమ జావ. బంగళా తోట వెనక సమాధుల్లో ఆమె ఒక్కగానొక్క కూతురు ఉంది. అటు వెళ్లాలంటే ఇప్పుడు కొత్త పాస్టరు గుమ్మం ముందు నుంచి వెళ్లాలి. దాని గురించి భర్త ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో మాంసం వండుకుంటావా, మానేస్తావా అని కూడా అడగలేదు. ఏడాదికి రెండుసార్లు అక్క ఇంటికి వెళ్లినప్పుడు ఆమె కడుపునిండా సాసేజీలు తినేది. తిరిగొచ్చాక చెప్పేది కాదు.

ఏళ్లు గడిచాయి. మాంసం లేని బతుకు గురించి వీస్నర్ చిన్న పుస్తకం రాశాడు. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చేవి. ఆ పుస్తకాన్ని అందరికన్నా గట్టిగా పట్టుకున్నవాడు చుట్టలు చుట్టే హార్టుంగ్. పని గదిలో తోటివాళ్లు చుట్టలు చుడుతుంటే అతను పైకి చదివి వినిపించేవాడు. సగం పుస్తకం నోటికి వచ్చు.

1862 చివర్లో ఊళ్లో విషజ్వరం పాకింది. ఒటీలియా మూడు వారాలు మంచం దిగలేదు. జ్వరం తగ్గింది కానీ ఒంట్లో ఏమీ మిగల్లేదు. గొడ్డు ఎముకల చారు పడితే తప్ప నిలవదని డాక్టరు పాస్టరుకు చెప్పడం ఆమె కళ్లు మూసుకునే విన్నది. ఆయన ఏమన్నాడో వినపడలేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం గదిలోకి ఆ వాసన వచ్చింది. వీస్నర్ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. బొటనవేలికి కాలిన బొబ్బ ఉంది.

"ఎవరు కాచారు?"

"నేనే."

"ముక్క ఎవరు తెచ్చారు?"

"నేనే వెళ్లాను. డోరె దగ్గరికి."

ఆమె రెండు చెంచాలు తాగింది. తర్వాత, ఇంకా దాచడం ఎందుకనిపించిందో ఏమో, అక్క ఇంట్లో తింటుంటానని చెప్పేసింది.

"తెలుసు," అన్నాడాయన. "వచ్చినప్పుడు నీ శాలువాకి పొగబెట్టిన మాంసం వాసన ఉండేది."

"మరి ఒక్కసారైనా అడగలేదే?"

"అడిగితే మానేసేదానివి. నాకోసం మానడం నాకిష్టం లేదు."

ఆమెకు కోపం వచ్చింది. ఒంట్లో ఉన్న కాస్త ఓపికా కూడదీసుకుంది. "పదిహేనేళ్లు నా పొయ్యి మీద నీ ఇష్టమే ఉడికింది, లేబెరెక్ట్. అప్పుడు అడగాల్సింది."

ఆయన గిన్నె ఖాళీ అయ్యేదాకా చెంచా చెంచా పట్టాడు.

దుకాణంలో ఏం జరిగిందో ఆమెకు తర్వాత డోరె భార్య చెప్పింది. సంత రోజు, నిండా ఆడవాళ్లు ఉన్నారట. పాస్టరు తన వంతు వచ్చేదాకా నిలబడి, ఎముకతో ఉన్న ముక్క కావాలని, తనకు వండడం రాదు, ఎలా కాచాలో చెప్పమని అడిగాడట. పదిహేనేళ్లుగా వేళాకోళం ఆడిన డోరె టోపీ తీసేశాడట. చన్నీళ్లలో వెయ్యండి, సన్నని మంట మీద పెట్టండి, పైకి తేలిన నురగ తీసెయ్యండి, కదపకండి అని రెండుసార్లు చెప్పాడట.

వీస్నర్ ఆ విషయం దాచలేదు. ఆదివారం కొట్టంలో లేచి నిలబడి, నా భార్యకు మాంసపు చారు నా చేత్తో కాచి పోశాను, మళ్లీ అవసరమైతే మళ్లీ కాస్తాను అని చెప్పాడు. ఒటీలియా అప్పుడే లేచి తిరుగుతోంది, శాలువా కప్పుకుని వెనక కూర్చుంది. వాళ్లూ వీళ్లూ గుసగుసలాడుకున్నారు. హార్టుంగ్ లేచాడు. అతని గొంతు పెద్దదేం కాదు.

"ఏ జబ్బుకీ మాంసం అక్కర్లేదని రాశారు మీరు. నలభై ఒకటో పేజీ. పోయిన చలికాలం జబ్బుపడి నా భార్య ఆనా చారు అడిగింది. నేను పోయనివ్వలేదు. మీ పుస్తకం చదివి వినిపించాను."

ఆ మాట అని అతను బయటికి వెళ్లిపోయాడు. ఆనాను సమాధి చేసింది వీస్నరే. ఆ రోజు పాట పాడలేదు, ప్రార్థన చెయ్యలేదు. ఒకరి వెనక ఒకరు లేచి ఇళ్లకు పోయారు.

ఆ సాయంత్రమే ఆయన హార్టుంగ్ తలుపు తట్టాడు. తియ్యలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ వారమంతా వెళ్లాడు. చారు పోస్తే ఆనా బతికేదో లేదో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. ఆ మాట వీస్నర్‌కు ఊరట ఇవ్వలేదు, హార్టుంగ్‌కూ ఇవ్వలేదు.

అచ్చు వేసినాయన దగ్గర మిగిలిన పుస్తకాలన్నీ తెప్పించాడు. కొన్నవాళ్లకు ఉత్తరాలు రాసి, పంపగలిగినవాళ్లను పంపమన్నాడు. మూడు వందల పైచిలుకు వచ్చాయి. చలికాలమంతా భార్యాభర్తలు బల్లకు చెరోవైపు కూర్చుని నలభై ఒకటో పేజీలో ఆ వాక్యాన్ని సిరాతో కొట్టేశారు. పక్కన వీస్నర్ తన చేతిరాతతో, "ఇది నాకు తెలియని విషయం మీద నేను రాసిన మాట. దీనివల్ల ఒక మనిషికి అన్యాయం జరిగింది" అని రాశాడు. ప్రతి పుస్తకంలోనూ రాశాడు. సిరా ఆరేదాకా ఊదడం ఒటీలియా పని. ఒకరోజు ఆయన కలం కింద పెట్టి, సమాధుల దగ్గరికి వెళ్దామా అని అడిగాడు. పదిహేనేళ్లలో మొదటిసారి ఇద్దరూ కలిసి బంగళా గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్లారు.

ఆయన మాత్రం చివరిదాకా మాంసం ముట్టలేదు. బోధించడం మానలేదు కానీ, ఎవరైనా సలహా అడిగితే ముందు ఇంట్లో వంట చేసేవాళ్లను అడిగి రమ్మనేవాడు. ఊరి చరిత్ర చివరికి అచ్చయింది. మిల్లు యజమాని మనవడు కూడా ఒకటి కొన్నాడు.

1879 అక్టోబరులో వీస్నర్ పోయాడు. డోరె నడవలేని స్థితిలో ఉండి కూడా బండిలో వచ్చాడు. మట్టి వేసి అందరూ వెళ్లిపోయాక ఒటీలియా సమాధుల గోడ అవతల నిలబడి ఉన్న ముసలాయన్ని చూసింది. హార్టుంగ్. ఆ ఆదివారం తర్వాత సంఘం గడప తొక్కలేదు, వీస్నర్‌తో మాట్లాడలేదు. అతను గేటు తీసుకుని లోపలికి వచ్చి, ఆమె ముఖంలోకి చూడకుండా, "నేనూ మట్టి వెయ్యొచ్చా అమ్మా?" అని అడిగాడు.

ఆమె పక్కనున్న పార తీసి అతని చేతికిచ్చింది.