ముందు కుర్చీ, తర్వాత మనిషి

వేసవిలో కుర్చీ చక్రానికున్న ఇనుప కడ్డీ అరచేతికి చురుక్కుమంటే నాకు రాహేలమ్మ గుర్తొస్తుంది. నడుము కింద నాకు స్పర్శ లేదు. వేడైనా చలైనా చేతులకే తెలియాలి. సంతకం మించి చదువు రాదు కనుక నేను చెబుతుంటే మా మరదలు రాస్తోంది. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె ఎలాంటిదో తెలియాలి.

ట్రాక్టరు తిరగబడి మా ఆయన పోయి, నేను కుర్చీలో పడ్డ ఏడాది అది. పుండ్లకు కట్టు కట్టించుకోవడానికి వారం వారం రేపల్లె నుంచి రైల్లో తెనాలి ఆసుపత్రికి వెళ్లేదాన్ని. మొదటిసారి ఇద్దరు మగవాళ్లు చంకల్లో చేతులు వేసి నన్ను పెట్టెలోకి లాగారు. జాకెట్టు చిరిగింది. పక్కనే చక్రాల కుర్చీలో, పోలియో కాళ్లతో ఉన్న ఒక పెద్దావిడ గట్టిగా అరిచింది. "ఏంటయ్యా ఆ లాగడం? వడ్ల బస్తా అనుకున్నారా?" తర్వాత నాకు తగిలించింది. "నోరు లేదా అమ్మాయ్ నీకు? కాళ్లతో పాటు అదీ పోయిందా?"

"సిగ్గేసిందండి."

"నువ్వు సిగ్గుపడితే వాళ్లు ఎక్కడ పడితే అక్కడ పట్టుకుంటారు. ఎక్కడ పట్టుకోవాలో నువ్వే చెప్పు."

ఆవిడే రాహేలమ్మ. ఆమెదీ రేపల్లే, రోజూ అదే రైల్లో వెళ్లి తెనాలిలో ఒక బట్టల కొట్లో చీరలకు ఫాల్స్ కుట్టేది. జనం ఎంత తోసుకున్నా ఆమెది ఒకటే మాట: "ముందు కుర్చీ, తర్వాత మనిషి. నేనెక్కి అది కింద ఉండిపోతే తెనాలిలో పాకాలా?" కుర్చీ పైకి చేరేదాకా ప్లాట్‌ఫారం నేల మీద కూర్చుని, కుచ్చిళ్లు సర్దుకుంటూ, "మోకాళ్ల కింద ఒకరు, వీపు వెనక ఒకరు, తమ్ముడూ" అని పని పురమాయించినట్టు చెప్పేది. ప్రయాణం రోజున గొంతు తడపకూడదన్నదీ ఆమె దగ్గర నేర్చుకున్నదే. మా కుర్చీలు పట్టే మరుగుదొడ్డి దారిలో ఎక్కడా లేదు. సీసా నిండా నీళ్లు తీసుకెళ్లి, ఇల్లు చేరాకే మూత తీసేవాళ్లం.

కిందటి వేసవిలో బాపట్లలో డాక్టర్లకు కాళ్లు చూపించి పింఛనుకు కాగితం తెచ్చుకోవాల్సి వచ్చింది. పని నాది. "ఒక్కదానివే వెళ్తే నీకు నోరు పెగలదు" అని ఆమె కొట్టు మానుకుని తోడొచ్చింది. తిరుగు ప్రయాణానికి బస్సు కిక్కిరిసి వచ్చింది. ముందు నా కుర్చీ ఎక్కించారు, తర్వాత నన్ను. అప్పుడు లోపల గొడవ మొదలైంది.

"ఇంకో కుర్చీ కూడానా? మేమెక్కడ నిలబడాలి?"

"ఈ ఎండలో ఊరేగింపులేంటమ్మా వీళ్లకి!"

కండక్టరు తల బయటపెట్టాడు. "వెనకాల ఇంకో బస్సుంది పిన్నిగారూ, దాంట్లో వచ్చేయండి."

రాహేలమ్మ అతన్ని చూడలేదు. నన్ను చూసింది. ఆపండి, ఇంకో మనిషుంది అని నేను అనాలి. కానీ చేత్తో తడుముకుంటే అప్పటికే నా చీర తడిసిపోయి ఉంది. వాసన ఎవరికీ తెలియకముందే ఇల్లు చేరితే చాలనిపించింది. తల దించుకున్నాను. బస్సు కదిలింది.

చెరుకుపల్లి దాటాక చూశాను. నా కుర్చీకి తగిలించిన సంచిలో ఆమె నీళ్ల సీసా, నిండుగా.

తర్వాత వచ్చిన మూడు బస్సులూ ఆమెను ఎక్కించుకోలేదట. పొద్దు వాలాక ఇల్లు చేరేసరికి ఒళ్లు పేలిపోతోంది. ఎండదెబ్బ అన్నారు, కిడ్నీలు పాడయ్యాయన్నారు. "సీసా ఉన్నా తాగేది కాదులే వదినా" అంది మా మరదలు. నిజమే కావచ్చు. చూడ్డానికి వెళ్తే రాహేలమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "నిన్ను దించేటప్పుడు సరిగ్గా పట్టుకున్నారా అమ్మాయ్?" అని అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగో రోజు పోయింది.

ఇప్పుడు నేను బస్టాండులోనే మూత తీసి తాగుతాను. తాగి, నన్ను చాటుకు ఎవరు తీసుకెళ్తారని ఆడవాళ్లను అందరి ముందూ అడుగుతాను. ఎక్కడ పట్టుకోవాలో చెబుతాను. మొన్న బాపట్లలో కండక్టరు రైట్ అనగానే, నాకు తెలియకుండానే అరిచాను.

"ఆపండి, ఇంకో మనిషుంది!"

డ్రైవరు ఆపాడు. కండక్టరు దిగి, ఎండలో ఆ చివరిదాకా చూసి, మళ్లీ ఎక్కాడు.

"ఎవరూ లేరు గదమ్మా" అన్నాడు.