కోసిన చీర వెనకవైపు

పుస్తకం తెరవగానే కొత్త జిగురు వాసన వచ్చింది. నాలుగు పేజీలు తిప్పేసరికి ఒళ్ళు మండింది. అది రామాంజులు సారు జీవితచరిత్ర. ధర్మవరం మగ్గాల మీద డిజైన్ కోసం చిల్లులు కొట్టి పెట్టే అట్టలు తీసేసి, తాను తయారుచేసిన కంప్యూటర్ పెట్టెతో డిజైన్లు నేయించిన మనిషి ఆయన. నాకు పని నేర్పిన గురువు. ఆయన పోయాక పెనుకొండ రచయిత ఒకాయన ఇది రాశాడు. సారు కోపాన్ని కూడా పూలదండలో గుచ్చేశాడు. నేతగాడి పొరపాటును సహించలేక సారు చీరనే కోసేశారట, పని మీద అంత తపనట. ఆ నేతగాడు మా నాయన. ఆ పేజీని మనవరాలి చేత చదివించుకుని, లేచి వెళ్ళిపోయాడు.

ఇంటర్ అయ్యాక నేను సారు షెడ్డులో చేరాను. స్క్రీన్ మీద డిజైన్ గీసి మురిసిపోతుంటే కసిరేవాడు. "ముందర చూసి మురిసేది కాదు పాపా. చీర తిరగేసి చూడు. తప్పు వెనకాల కనపడుతాది." అంత బాగా నేర్పిన మనిషి నాకు మరొకరు తెలియదు. అందుకే కోపం ఇంకా ఎక్కువ.

చీర కోసిన రోజు హిందూపురం నుంచి పెద్దమనుషులు సారు షెడ్డుకు ఆ మిషను చూడ్డానికి వచ్చారు. నాయన నేస్తుండగా అంచులో హంసలకు తలలు రాలేదు.

"ఏం నేస్తాండావప్పా, కండ్లు యాడ పెట్టినావు?" అని సారు అరిచాడు.

"నేను సరిగానే తొక్కుతాండా సారూ. పైన పెట్టె పోగులు లేపడంల్యా," అన్నాడు నాయన.

మా ఇళ్ళలో చీర పూర్తయ్యాక, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటే గానీ కత్తెర ఆనించం. సారూ నేత ఇంట్లో పుట్టినవాడే. అయినా అందరి ముందూ సగం చీరను మగ్గం మీదే కోసి పారేశాడు. మరునాడు పెట్టెలో వదులైన వైరు బిగించాడు. హంసలకు తలలు వచ్చాయి. నాయనకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

నాయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నేనూ మానేస్తానంటే ఒప్పుకోలేదు. "కోపం నాకుండాది, చాలు. నువ్వు పోయి పని నేర్చుకో," అన్నాడు.

ఇదంతా రచయితకు ముందే చెప్పాను. ఫోన్ చేసి నిలదీస్తే, "అట్ల రాస్తే సారు చిన్నబోతాడు గదక్కా," అన్నాడు.

"మా నాయన చిన్నబోతే పర్వాల్యా అప్పా?" అన్నాను.

ఇవాళ నా మగ్గాల మీదా ఆ పెట్టెలే ఆడుతున్నాయి. సారు లేకపోతే నాకు ఈ అన్నం లేదు, అదీ నిజమే. ఆ సగం చీర నా బీరువాలో ఉంది. పని నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా మొదట దాన్నే తిరగేసి పరుస్తాను. "ఈ మిషను చేసింది మా సారు. ఈ తప్పు మిషనుది. నేసింది మా నాయన," అని చెబుతాను. నిన్న మాత్రం నాయనను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.