బిడ్డ చూసింది

మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికిందని సంతోషించేలోపే ఫోను మోగింది. పెద్దనాయిన కొడుకు. "నాయిన పోయిండక్కా" అన్నాడు. ఆ రోజు పదకొండింటికి పెద్ద డాక్టరు దగ్గర ఆయన పేరు రాయించి ఉంచాను. ఆ నంబరు కోసం వారం రోజులు తిరిగాను. నిజం చెప్తున్నాను, ఏడుపు కన్నా ముందు కోపమే వచ్చింది. ఈసారి కూడా ఎగ్గొట్టాడే అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ దాటి, చైతన్యపురి దాటాక గానీ కళ్లలో నీళ్లు రాలేదు.

ఆయన మా నాయినకు అన్న. పోచంపల్లిలో మగ్గం మీద కూర్చున్న మనిషి, తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు పెట్టుకున్నాడు. డిగ్రీ నుంచి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ దాకా ఐదేళ్లు మన్సూరాబాద్‌లో ఆయన ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. పొద్దున ఐదింటికి చాయ్ గ్లాసు నా పుస్తకం మీదే పెట్టేవాడు. ఇప్పటికీ ఆ పుస్తకాల నిండా గుండ్రటి మరకలే. చీరలు మడతపెడుతూ పాఠం అప్పజెప్పమనేవాడు. ఏదో కష్టమైన పేరు చెప్పి తప్పించుకుందామంటే వదిలేవాడు కాదు. "నాకు సమజయ్యేటట్టు చెప్పు. గప్పుడే నీకు వచ్చినట్టు లెక్క" అనేవాడు. నాకు చదువు అంటిందంటే ఆ చీరల మడతల దగ్గరే.

అంత శ్రద్ధగా పాఠం వినే మనిషి డాక్టరు మాట మాత్రం సగమే వినేవాడు. ఆరేళ్ల కింద రక్తదానం చేయబోతే హెపటైటిస్ బి వైరస్ ఉన్నట్టు బయటపడింది. ఒంట్లో ఏ బాధా లేకపోయినా, రక్తపరీక్ష బాగున్నా, ఆరు నెలలకోసారి కాలేయానికి స్కాన్ చేయించుకోవాల్సిందేనని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఒక్కసారి చేయించుకున్నాడు. "పొట్ట మీద గా చల్లటి జిగురు పూస్తరు బిడ్డా, నాకొద్దు" అన్నాడు. యాభై ఐదేళ్ల మనిషి! జిగురుకు భయపడ్డాడు.

రక్తపరీక్షకు మాత్రం ఠంచనుగా వచ్చేవాడు, ఎల్‌బీ నగర్‌లో నేను పనిచేసే ల్యాబ్‌కు. అక్కడ అందరికీ వినపడేటట్టు "మా బిడ్డ రక్తం చూసి చెప్తది" అనేవాడు. నేను కాలేయం ఎంజైముల అంకెలు చూసి, పక్కన ఆకుపచ్చ పెన్నుతో టిక్కు పెట్టి, "అన్నీ నార్మలే పెద్దనాయినా" అనేదాన్ని. స్కాన్ చేయించుకో అని కూడా అనేదాన్ని. ప్రతిసారీ అన్నానా అంటే, లేదు. బల్ల నిండా శాంపిళ్లు ఉన్న రోజుల్లో టిక్కు పెట్టి పంపించేశాను.

పోయిన ఏడాది ఆకలి చచ్చిపోయి, చొక్కాలు వదులైతే ఆటోలో బలవంతంగా ఎక్కించి స్కాన్‌కు తీసుకుపోయాను. అప్పటికే కాలేయంలో క్యాన్సర్ గడ్డ పెరిగి రక్తనాళంలోకి పాకింది. ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి.

ఆ సాయంత్రం షాపులో గద్దె మీద కూర్చుని అడిగాడు. "ఎంజైములు నార్మలే ఉన్నయి గద బిడ్డా. మరి గిదెట్లొచ్చింది? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

చెప్పాను. కాలేయ కణాలు దెబ్బతింటే వాటిలోంచి రక్తంలోకి కారే ఎంజైములు వేరు, మా ల్యాబ్‌లో కొలిచేవి అవే అన్నాను. గడ్డ వాడుకునే ఎంజైములు వేరు. కొన్ని కణాన్ని పెరుగు, పెరుగు అని తొందరపెడతాయి. కొన్ని చుట్టూ ఉన్న అల్లికను కోసి దారి చేస్తాయి, ఆ దారిన కణాలు వేరే చోటికి పోతాయి అన్నాను.

ఆయన లేచి, గిరాకీలకు చూపించడానికి ఉంచుకున్న పోగుల కట్ట తెచ్చాడు. రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీ బిగించి కట్టి ఉంది. ఒక కట్టు మీద గోరు పెట్టి, "గీ కట్టు కోసి రంగుల ముంచితే ఆడికి గూడ రంగు పోతది. గా కోసెటోడే నీ ఎంజైము. గంతేనా?" అన్నాడు.

"గంతే పెద్దనాయినా."

"మరి గాడు రిపోర్టుల ఎందుకు దొరకలే?"

"ఆ పరీక్షలో వాడి కోసం చూడం."

"మరి ఇన్నేండ్లు ఏం చూసినవే బిడ్డా?" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఐదేళ్లు ఎన్ని పాఠాలో చెప్పించుకున్న మనిషికి, చెప్పి తీరాల్సిన ఒక్క పాఠం నేను చెప్పలేదు.

కణాన్ని తొందరపెట్టే ఎంజైములను ఆపే మాత్రలు రాశారు. వాటితో అరచేతులు ఎర్రబడి తోలు లేచింది. అయినా గడ్డ కొన్నాళ్లు నెమ్మదించింది, మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. అంతలో పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. డబ్బాలో మాత్రలు ఎక్కడివక్కడే ఉన్నాయని పెద్దమ్మ నాకు చెప్పింది. షాపుకు పోయి గిరాకీల ముందే అరిచాను. ఆయన తాపీగా అరచేయి చూపించాడు. "గీ తోలు తాకితే పట్టు పోగు లేస్తది బిడ్డా. నా పాణం కోసం ఒకరి పెండ్లిచీర ఖరాబు చెయ్యాల్నా?"

ఇలాంటి మనిషితో ఏం వేగుతాం? ఆయన మీద కోపం వచ్చింది, చీర మీద కోపం వచ్చింది, ఆ చీర కట్టుకోబోయే పెళ్లికూతురి మీద కూడా వచ్చింది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టినా అవి పనిచేయలేదు.

పదకొండో రోజు అయ్యాక పెద్దమ్మ ఆయన ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టింది. రిపోర్టులన్నీ తేదీల వరసలో ఉన్నాయి. ప్రతి కాగితం పైన ఆయన చేతిరాతే: "బిడ్డ చూసింది. ఫికర్ లేదు." కింద నా ఆకుపచ్చ టిక్కు. ఆ కవరు ముందు పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయిస్తే తమ్ముడికీ, అంటే ఆయన కొడుకుకీ, ఆ వైరస్ ఉన్నట్టు తేలింది. డాక్టరు వాడికీ స్కాన్ రాశాడు. నిన్న పొద్దున వాడు ల్యాబ్‌కు వచ్చి రక్తపరీక్ష రిపోర్టు నా ముందు పెట్టాడు. "ఎంజైములన్నీ నార్మలే అక్కా. జర టిక్కు పెట్టు, షాపు తెరవాలె" అన్నాడు.

కాగితం పైన అప్పటికే రాసుకొచ్చాడు: "అక్క చూసింది."

పెన్నుకు మూత పెట్టేశాను. వాడి చెయ్యి పట్టుకుని పై అంతస్తులో ఉన్న స్కానింగ్ సెంటరుకు లాక్కుపోయి, బెంచీ మీద కూర్చోబెట్టాను. "గా చల్లటి జిగురు పూస్తరట గదక్కా, నాకొద్దు" అని సణిగాడు. గొంతు అచ్చం ఆయనదే. నంబరు పిలిచేదాకా వాడి చెయ్యి వదల్లేదు.